మూడు రాత్రుల బూడిద

అడవిలో ఏ గుహ ఖాళీగా ఉంది, ఏ బొరియలో ఎవరు కాపురం ఉంటున్నారు అన్నది తేల్చి చెప్పాలంటే ఆ పార్కు మొత్తానికి ఒక్కడే మనిషి. ఉద్యోగం పేరు ట్రాకరు. కానీ ఆఫీసులో గుమాస్తా దగ్గర్నుంచి గేటు దగ్గర టిక్కెట్లు చింపే అమ్మాయి దాకా అందరూ బూడిదాయన అనే పిలుస్తారు. ఆయన కూడా ఆ పిలుపుకే పలుకుతాడు. జీతం తీసుకునే రోజున అసలు పేరు పిలిస్తే ఒక్కోసారి ఇంకెవరినో అనుకుని కూర్చునే ఉంటాడు.

ఆయన పద్ధతి చాలా తేలిక. ఇంట్లో కట్టెల పొయ్యి బూడిద జల్లెడ పట్టి గోనెసంచిలో పోసుకుంటాడు. పొద్దు వాలే వేళకి వెళ్ళి గుహ నోటి ముందు గోరంత మందాన చల్లుతాడు. ఆకులున్న కొమ్మతో పైపైన సర్ది, పెళ్ళివారి దుప్పటిలా మడత లేకుండా చేస్తాడు. తెల్లారాక వెళ్ళి చదువుకుంటాడు. చదువుకోవడం అనే మాట ఆయనదే. బడిలో ఐదో తరగతి దాటలేదు గానీ బూడిద మీద రాసింది ఏదైనా గడగడా చదువుతాడు. ముళ్ళపంది నడిస్తే ముళ్ళు ఈడ్చిన గీతలు చూపిస్తాడు. పాము పోతే అది ఆకలితో పోతోందో తిని పోతోందో చెబుతాడు. ఇలా వరసగా మూడు రాత్రులు. మూడు పొద్దులూ లోపలి నుంచి అడుగు పడకపోతే ఆ గుహ ఖాళీ. ఎందుకయ్యా మూడే అంటే, ఆకలి ఎవర్నీ అంతకంటే ఎక్కువసేపు ఇంట్లో కూర్చోనివ్వదు అనేవాడు. ఇరవై ఏడేళ్ళలో ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ పార్కు పుట్టు అడవి కాదు. నూరేళ్ళ కిందట అక్కడ ఇనుము కరిగించేవాళ్ళు. కొండ తవ్వి రాయి తెచ్చేవాళ్ళు, చెట్లు కొట్టి బొగ్గు కాల్చేవాళ్ళు, ఆ బొగ్గుతో ఆ రాయిని కరిగించేవాళ్ళు. కొట్టడానికి చెట్టు మిగలకపోయేసరికి కొలిమి ఆరిపోయింది. కొలిమి ఆరాక మనుషులు పోయారు. మనుషులు పోయాక చెట్లు ఒక్కొక్కటే తిరిగొచ్చి అన్నీ కమ్మేశాయి. ఇప్పుడు అక్కడ ఆకుల కింద రైలు పట్టాలుంటాయి, పట్టాల మధ్య పుట్టలుంటాయి. కరిగిన ఇనుము తీయగా మిగిలిన చిట్టెం నల్లటి ఇసకలా కుప్పలు కుప్పలుగా పడి ఉంటుంది. వాటి మధ్య నుంచి నాలుగు మైళ్ళ నడకదారి వేశారు. వంపు వంపుకీ అంకెల బోర్డు పెట్టారు. దారి చివర మూడంతస్తుల మేడంత కొలిమి ఉంటుంది. దాని పాదం దగ్గర పొగ సొరంగం. మనిషి పాకితేనే పడతాడు. ఇరవై అడుగులు పోయాక పక్కకి మెలిక తిరుగుతుంది. అటు కొస ఎప్పుడో కూలి మూసుకుపోయింది. ఇటు నోరు ఒక్కటే దారి.

పాత కట్టడాలు చూసే శాఖవాళ్ళ దగ్గర ఒక పాత ఫోటో ఉంది. అందులో ఆ సొరంగం నోరు రాతితో మూసి ఉంది. కొలిమి రగిలించినప్పుడల్లా అలా మూసేవాళ్ళట. కొలిమిని బాగుచేసి జనానికి చూపించబోతున్నారు కాబట్టి ఫోటోలో ఉన్నట్టే మూయాలన్నారు. గోడ వాళ్ళది, జంతువులు అడవి శాఖవి. అందుకని మూసే ముందు లోపల ఏమీ లేదని అడవి శాఖ రాసివ్వాలి. రాసివ్వాలంటే బూడిదాయన చూడాలి.

చూశాడు. మొదటి రాత్రి ముళ్ళపంది ఒకటి నోటి ముందు నుంచి అడ్డంగా పోయింది గానీ లోపలికి తిరగలేదు. రెండో రాత్రి నక్క వచ్చింది. తిన్నగా నోటి దాకా వచ్చి, మూతి లోపలికి పెట్టి, వచ్చిన కాళ్ళ మీదే వెనక్కి దూకింది. ఆ దూకుడు చూసి ఆయన ఒక్క నిమిషం ఆగాడు. తర్వాత గబ్బిలాల కంపు అనుకున్నాడు. కంపు నిజంగానే ఉంది, ముక్కు పగిలేంత. మూడో రాత్రి బూడిద మీద గాలి తప్ప ఏమీ నడవలేదు. మెలిక దాకా పాకి టార్చి వేసి చూశాడు, గోడ తప్ప ఏమీ కనపడలేదు. మెలిక దాటి ఆయన భుజాలు పట్టవు. ఆఫీసుకి వెళ్ళి కాగితం మీద లోపల ఖాళీ అని రాసి, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి సంతకం పెట్టాడు.

నాలుగో సాయంత్రం బూడిద చల్లలేదు. మూడు రాత్రులు అయిపోయాయి కదా.

గోడ కట్టింది ఆయన బావమరిది, భార్యకి సొంత తమ్ముడు. గానుగ సున్నంతో గోడ కట్టగల మేస్త్రీ ఆ చుట్టుపక్కల అతనొక్కడే మిగిలాడు. ఆ సంగతి కనపడిన ప్రతివాడికీ తనే చెప్పుకుంటాడు. సున్నం నెల రోజులు నానబెట్టి, గానుగలో ఆడించి, బెల్లం నీళ్ళు పోసి కలిపాడు. బెల్లం పోస్తే రాయి పట్టు వదలదు. మా ఆవిడ టీలోకి ఇంత బెల్లం ముక్క అడిగితే లేదంటాను, గోడకి మాత్రం బిందెలతో తాగిస్తున్నాను అని పనివాళ్ళని నవ్విస్తూ, తెల్లవారుజామున మొదలుపెట్టి పొద్దు గూకేలోపు మూరన్నర మందాన గోడ లేపేశాడు.

ఆ సాయంత్రం బావగారింట్లో భోజనానికి కూర్చుని, ఇవాళ మాకు ఓ చుట్టం వచ్చిందన్నాడు. మధ్యాహ్నం పొదల్లో ఎలుగుబంటి ఒకటి అటూ ఇటూ తిరుగుతూ ఉందట. పోదట, రాదట. పనివాళ్ళు బెదిరిపోతుంటే తను సున్నం డబ్బా మీద రాయితో దడదడా కొట్టాడట. కొట్టినప్పుడల్లా నాలుగు అడుగులు వెనక్కి పోయి మళ్ళీ వచ్చి నిలబడిందట.

వడ్డిస్తున్న అక్క చేయి ఆపి, పట్టపగలు, అంతమంది మనుషుల మధ్యకి అది ఎందుకొచ్చిందిరా అని అడిగింది.

అడిగింది తమ్ముణ్ణే గానీ జవాబు చెప్పింది భర్త. "బెల్లం వాసన. ఎలుగు ముక్కు ముందు నీ ముక్కూ నా ముక్కూ ఏ మూలకి?"

"అయితే నా గోడ రుచిగా ఉందన్నమాట," అన్నాడు మేస్త్రీ. "చూశావా అక్కా, నీ చేతి వంటకి రాని చుట్టాలు నా చేతి పనికి వస్తున్నారు."

ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ నవ్వు తర్వాత ఆయనకి చాలాసార్లు గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున గోడ నిండా గోళ్ళ గీతలున్నాయి. సున్నం ఇంకా పచ్చిగా ఉంది కాబట్టి బెత్తెడు లోతున దిగాయి. మేస్త్రీ నెత్తీ నోరూ బాదుకున్నాడు. తాపీతో మళ్ళీ పూసుకుంటూ, మీ అడవి శాఖకి గోడలంటే గిట్టదు బావా, మీ జంతువులకి కూడా నేర్పించారు అని సణిగాడు. బూడిదాయన అతన్ని ఓదార్చి ఇంటికి పోయి కిరసనాయిలూ కారప్పొడీ తెచ్చాడు. రెండూ కలిపి పాత గుడ్డతో గోడ అడుగు నుంచి తన చేయి అందినంత ఎత్తు వరకూ పూశాడు. పని శ్రద్ధగా చేసే మనిషి. ఒక్క రాయి వదల్లేదు.

రేంజరు మేడమ్ అప్పుడే అక్కడికి వచ్చింది. ఆవిడ ఆ పార్కుకి వచ్చి రెండేళ్ళయింది. ఆయన్ని పెద్దాయనా అని పిలుస్తుంది, మీరు అంటుంది. మూడు రోజుల్లో కొలిమి దగ్గర సభ ఉంది, రెండు శాఖల పెద్దలూ వస్తారు, బడి పిల్లల్ని బస్సుల్లో తెస్తారు. ఆ టైములో ఎలుగు వస్తే నా పని ఏమవుతుంది అని ఆవిడ కంగారు. మళ్ళీ వస్తుందా అని అడిగింది. సున్నం ఎండి బెల్లం వాసన పోయేదాకా వస్తూనే ఉంటుందండి, పది రోజులు పట్టొచ్చు అన్నాడు. మరి ఏం చేద్దాం అంది. తేనె పెట్టి బోనులో పట్టేసి అవతలి కొండల్లో వదిలేస్తే సరి అన్నాడు. ఆవిడ అక్కడే నిలబడి, జంతువుల్ని పట్టి తరలించే బండివాళ్ళకి ఫోను చేసింది. సాయంత్రానికి బోను వచ్చింది, కుండెడు తేనె వచ్చింది.

అంతా ఆయన చెప్పినట్టే జరిగింది. ఆయన మాటని అక్కడ ఎవరూ ఎప్పుడూ రెండోసారి అడిగింది లేదు.

మూడో రోజు పొద్దున ఆయన ఒక్కడే వెళ్ళాడు. బోను తలుపు తెరిచినట్టే ఉంది. తేనె కుండ మీద ఈగలు తప్ప ఎవరూ వాలలేదు. ఎలుగు మాత్రం వచ్చింది. బోను పక్క నుంచే, ఒళ్ళు రాసుకునేంత దగ్గరగా నడిచి పోయింది. కుండ వైపు తల కూడా తిప్పలేదని అడుగులు చెబుతున్నాయి.

ఆయన గోడ దగ్గరికి వెళ్ళాడు. కారం పూసిన చోట ఈసారి గీకలేదు. కింద, గోడ నేలకి ఆనే చోట తవ్వింది. రాయి తగిలేదాకా తవ్వి, ఆ గుంటలోనే గోడకి ఆనుకుని పడుకుంది. నల్లటి చిట్టెం ఇసకలో దాని ఒంటి అచ్చు పడింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అచ్చు మధ్యలో, కడుపు ఆనిన చోట, తెల్లటి చుక్కలు ఎండి ఉన్నాయి. ఆ చుక్కల చుట్టూ చీమలు.

చీమలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూశాడు. పక్క పుట్టలోంచి గోడ వెంబడే బారు కట్టి వస్తున్నాయి. గుంటలో బయటపడిన, కిరసనాయిలు అంటని గోడ అడుగు మీదుగా నడుస్తూ ఒక్క చీమ కూడా అక్కడి బెల్లం సున్నం దగ్గర ఆగడం లేదు. గానుగ ఆడించిన సున్నంలో బెల్లం బెల్లంగా ఉండదని ఆ చీమలకి తెలుసు. వాటికి కావలసింది నేల మీద ఉంది. వేలితో ఒక చుక్క అద్ది నాలిక మీద పెట్టుకున్నాడు.

పాలు.

లెక్క మొత్తం తిరగేసి చూసుకున్నాడు. ఏ జంతువూ మూడు రాత్రులు లోపల కూర్చోదు, అప్పుడే ఈనిన తల్లి తప్ప. ఎలుగు ఈనితే వారాల తరబడి బయటికి రాదు, తిండీ నీళ్ళూ మానేసి పిల్లల మీద చేతులు వేసుకుని పడుకుంటుంది. ఈ సంగతి ఆయనకి కొత్తది కాదు, పార్కులో చేరిన మొదటి ఏడే తెలుసు. కానీ ఎలుగులు ఈనేది చలికాలంలో. ఇది ఎండలు ముదిరే కాలం. రెండు నెలలు ఆలస్యంగా ఈనిన తల్లి ఒకటి ఉండొచ్చని ఆయన బుర్రకి తట్టలేదు. నక్క వెనక్కి దూకింది గబ్బిలాలకి భయపడి కాదు. మూడు రాత్రులూ ఆ తల్లి మెలిక అవతలే ఉంది. నాలుగో రాత్రి, ఇక ఆకలి ఆగక మొదటిసారి బయటికి వచ్చింది. తిరిగి వచ్చేసరికి నోటి దగ్గర గోడ లేస్తోంది, డబ్బా మీద దడదడా కొడుతూ మేస్త్రీ ఉన్నాడు.

గోడకి చెవి ఆనించాడు. మూరన్నర రాయి. చెవిలో తన గుండె కొట్టుకోవడం తప్ప ఇంకేమీ వినపడలేదు. చెంపకి కారం అంటుకుని మండింది.

రేంజరు మేడమ్ ఆఫీసులో సభకి కుర్చీలు ఎన్ని కావాలో మాట్లాడుతోంది. ఆయన్ని చూసి కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. చీమల సంగతీ పాల సంగతీ చెప్పాడు. తేనె ముట్టని సంగతి చెప్పాడు. గోడ తీయాలన్నాడు.

ఆవిడ తోసిపుచ్చే మనిషి కాదు. లోపల చప్పుడు వినపడిందా అని అడిగింది. లేదన్నాడు. కళ్ళతో చూశారా అంది. లేదన్నాడు. ఆవిడ సొరుగులోంచి ఆయన రాసిన కాగితమే తీసి బల్ల మీద పెట్టింది.

"పెద్దాయనా, నాకు ఈ అడవిలో మీ మాట ఒక్కటే ఆధారం. ఖాళీ అని మీరే రాసిచ్చారు. బెల్లం అని మీరే చెప్పారు. ఇప్పుడు కాదంటున్నారు. నేను పైవాళ్ళకి ఏ మాట చెప్పను?"

"ఇప్పుడు చెప్పిందే చెప్పండి."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదని మీ గురించి నేనే వాళ్ళకి చెప్పాను."

"అదేనండి నా ఖర్మ," అన్నాడు.

ఆవిడ ఫోను తీసింది. గోడ కట్టడాల శాఖ చేతిలోకి వెళ్ళిపోయింది. ఒక రాయి కదపాలన్నా వాళ్ళ కాగితం కావాలి. వాళ్ళ పై అధికారి ఎక్కడో మీటింగులో ఉన్నాడు. రేపు పొద్దునకల్లా ఏదో ఒకటి చెబుతాం అన్నారు. పిల్లలు ఎన్నాళ్ళు ఆగగలవు అని ఆవిడ మెల్లగా అడిగింది. మూడు వారాల కూనలైతే పాలు లేకుండా రెండు రోజులు, గట్టివైతే మూడు అన్నాడు. ఇవాళ ఎన్నో రోజు అంది. మూడోది అన్నాడు. ఆవిడ మళ్ళీ ఫోను తీసింది. బండివాళ్ళకి చేసి ఎలుగుని ఇప్పుడే పట్టొద్దని చెప్పబోయింది. వాళ్ళు ఎత్తలేదు. వాళ్ళ ఆఫీసులో ఎవరితోనో చెప్పి పెట్టింది.

ఆ మధ్యాహ్నం గునపం తీసుకుని పోయి ఉంటే ఏమయ్యేదో ఆయనకి తెలుసు. బతికినన్నాళ్ళూ తెలుస్తూనే ఉంటుంది. కానీ ఇరవై ఏడేళ్ళుగా కాగితం లేకుండా ఒక ఎండు కొమ్మ కూడా విరవని మనిషి. పైగా బావమరిది చేతులు పట్టుకుని బతిమాలాడు. పెద్దవాళ్ళు వచ్చి చూసే గోడ బావా, నాకు తెలియకుండా కూల్చావంటే నమ్మరు, ఇక నా తాపీ మూలన పెట్టుకోవాలి, ఒక్క పూట ఆగు, మేడమ్ అడుగుతోంది కదా అన్నాడు. ఆయన ఆగాడు. ఆఫీసు బయట బెంచీ మీద పొద్దు పోయేదాకా కూర్చున్నాడు.

ఇంటికి వెళితే భార్య కంచం పెట్టింది. ఆయన తినలేదు. ఏం జరిగిందో ఆవిడకి తమ్ముడు అప్పటికే చెప్పాడు. కంచం పక్కకి జరిపి ఎదురుగా కూర్చుంది. "నేను ఆ రోజే అడిగాను కదండీ, పగలు ఎందుకొచ్చిందని," అంది. దెప్పుతున్నట్టు అనలేదు. దెప్పి ఉంటే కాస్త తేలికపడేవాడేమో.

నాలుగో రోజు పొద్దున్నే వెళ్ళి మళ్ళీ అదే బెంచీ మీద కూర్చున్నాడు. గుమాస్తా వచ్చాడు, ఊడ్చే ఆవిడ వచ్చింది, కుర్చీల లారీ వచ్చింది. తొమ్మిది దాటాక రేంజరు మేడమ్ బయటికి వచ్చింది. ఆవిడ మొహం చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు. సభ అయ్యాక, ఇద్దరు ఇంజనీర్ల ముందు తెరవొచ్చు అని జవాబు వచ్చింది. సభ రేపు. ఇంజనీర్లు వచ్చేది వచ్చే వారం.

ఆయన ఆవిడకి నమస్కారం పెట్టి మెట్లు దిగి ఇంటికి వెళ్ళి గునపం భుజాన వేసుకున్నాడు. భార్య తమ్ముణ్ణి పిలుచుకురావడానికి పరుగెత్తింది. నాలుగు మైళ్ళ దారిలో సగం దాటాక మేస్త్రీ ఆయాసపడుతూ వెనక నుంచి అందుకున్నాడు. ఆపుతాడనుకున్నాడు. ఆపలేదు.

"ఇలా ఇవ్వు బావా. నువ్వు కొడితే మొత్తం కూలుతుంది. ఏ రాయి ముందు కదపాలో నాకు తెలుసు."

కొలిమి దగ్గర బోను లేదు. బోను ఉన్నచోట బండి చక్రాల జాడలున్నాయి. తేనె ముట్టలేదని తీసుకుపోయి ఉంటారు అనుకున్నాడు. జాడలు చదివే మనిషి. ఆ పూట ఆ జాడల వైపు కన్నెత్తి చూస్తే చాలు, మొత్తం తెలిసిపోయేది. చూడలేదు. కళ్ళు గోడ మీదే ఉన్నాయి.

సున్నం లోపల ఇంకా తడిగానే ఉంది. మేస్త్రీ అడుగు వరసలో ఒక రాయి చుట్టూ గీకి, గునపం కొన పెట్టి మెల్లగా మీటాడు. రెండో వరస రాయి కూడా ఊడింది. మూడోది తీస్తుంటే, ఆగు ఆగు అని బూడిదాయన చేయి అడ్డం పెట్టాడు.

రాయి వెనకే కూన ఉంది. మెలిక దగ్గర్నుంచి కాళ్ళీడ్చుకుంటూ గోడ దాకా వచ్చింది. కళ్ళు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. మూతి రాతికి ఆనించి ఉంది. గోడకి ఇవతల తల్లి ఎక్కడ పడుకుందో, అవతల సరిగ్గా అక్కడే పడుకుంది. ముట్టుకుంటే రాయికీ దానికీ తేడా లేదు.

ఆయన దాన్ని తీసి పక్కన ఆకుల్లో పెట్టాడు. మిగిలిన రాళ్ళు తీయగానే లోపలికి పాకాడు. మెలిక దగ్గర భుజాలు పట్టవు అని చెప్పాను కదా. ఆ రోజు పట్టించాడు. చొక్కా చిరిగింది, చర్మం లేచింది. ఒక చేయి చాచి చీకట్లో తడిమితే ఆకులు, ఎండుగడ్డి, వెంట్రుకలు తగిలాయి. తల్లి వేసిన పరుపు. ఆ పరుపులో పిడికెడంత వెచ్చదనం తగిలింది.

రెండో కూన బతికే ఉంది. వేలు నోట్లో పెడితే చప్పరించింది. అంత చిన్న నోరు వేలిని పట్టుకున్న పట్టుకి ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. మేస్త్రీ మొహం అటు తిప్పుకున్నాడు.

ఇక తల్లి రావాలి. కూనని నోటి దగ్గరే ఎండుగడ్డిలో పెట్టి ఇద్దరూ ఎదురుగా యాభై అడుగుల దూరం పోయి చెట్టు చాటున కూర్చున్నారు. రోజంతా ఈ చుట్టుపక్కలే తిరుగుతోంది కదా, వాసన తగిలితే ఇట్టే వస్తుంది అని ఆయన గుసగుసగా చెప్పాడు. గంట గడిచింది. కూన మొదట్లో సన్నగా ఈల వేసినట్టు అరిచింది. తర్వాత మధ్య మధ్య ఆగుతూ అరిచింది. కిరసనాయిలు వాసనకి భయపడుతోందేమో అని ఆయన వెళ్ళి, తను పూసిన రాళ్ళన్నీ ఒక్కొక్కటిగా దూరంగా మోసి వచ్చాడు.

వచ్చింది తల్లి కాదు. దారి వెంబడి రేంజరు మేడమ్ నడిచి వస్తోంది, ఒక్కతే. కూలిన గోడ చూసింది, ఆకుల్లో ఉన్న కూనని చూసింది, గడ్డిలో ఉన్నదాన్ని చూసింది. తిడుతుందని మేస్త్రీ లేచి చేతులు కట్టుకున్నాడు. ఆవిడ వాళ్ళ పక్కనే నేల మీద కూర్చుంది.

"తెల్లవారుజామున వచ్చారట బండివాళ్ళు," అంది. "గోడకి ఆనుకుని పడుకుని ఉందట. దగ్గరికి పోయినా లేవలేదట. మత్తు సూది వేసి ఎక్కించుకుపోయారు. నేను నిన్న చెప్పి పెట్టిన మాట వాళ్ళకి అందలేదు. ఇప్పుడే తెలిసింది నాకు."

"వెనక్కి రప్పించండి," అన్నాడు బూడిదాయన.

"ఏటి అవతలి కొండల్లో వదిలేశారు. తొంభై కిలోమీటర్లు."

ఎక్కడ వదలాలో చెప్పింది ఆయనే. అవతలి కొండల్లో అని.

ఆ తర్వాత చేయాల్సిందంతా చేశారు. మేడమ్ పశువుల డాక్టరుకి ఫోను చేసింది. డాక్టరు బయల్దేరాడు గానీ వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. కబురు అందగానే భార్య మేకపాలు కాచి, గుడ్డలో చుట్టిన చెంబుతో ఆ నాలుగు మైళ్ళూ నడిచి తెచ్చింది. కూనని ఒళ్ళో వేసుకుని దూదితో చుక్క చుక్క పిండింది. రెండు చుక్కలు లోపలికి పోతే నాలుగు బయటికి వచ్చాయి. ఆయన చిరిగిన చొక్కా విప్పి, కూనని గుండెకి ఆనించుకుని పైన భార్య కొంగు కప్పాడు. ఊపిరి తన చర్మానికి తెలుస్తూనే ఉంది. మీ ఒళ్ళు వేడిగా ఉంది, పడుకుందిలెండి అంది ఆవిడ. ఆయన తల ఊపాడు. ఆవిడ ఇంకో రెండుసార్లు దూది ముంచి పిండింది. పాలు కూన చెంప మీదుగా ఆయన పొట్ట మీదికి కారాయి. పడుకోలేదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

రెండు కూనల్నీ ఒకే గుంటలో పెట్టారు. గుంట మేస్త్రీ తవ్వాడు.

మూడు గంటలు దాటింది. మేడమ్ ఫోను మోగుతూనే ఉంది. రేపు పొద్దున పది గంటలకి సభ. ఆవిడ ఆయన దగ్గరికి వచ్చి, నిజం మొత్తం నేను రాస్తాను పెద్దాయనా, తప్పు మీ ఒక్కరిదే కాదని కూడా రాస్తాను అంది. రాసుకోండి అన్నాడు. గోడ సంగతి ఆవిడ అడగలేకపోయింది. చేతిలో ఫోను తిప్పుకుంటూ మేస్త్రీ వైపు చూసింది. మేస్త్రీ బావ వైపు చూశాడు.

"చీకటి పడేలోపు లేపేయొచ్చు," అన్నాడు మేస్త్రీ, ఎవరి మొహమూ చూడకుండా. "కూలీలు లేరు. అందించేవాళ్ళు ఒకరుంటే."

బూడిదాయన లేచాడు. భార్య చేయి పట్టుకుని ఆపబోయింది, మీరు వద్దు, ఇంటికి పోదాం పదండి అంది. ఆయన చేయి విడిపించుకుని, తను దూరంగా మోసి పడేసిన రాళ్ళు ఒక్కొక్కటీ మళ్ళీ మోసుకొచ్చాడు. మేస్త్రీ మిగిలిన సున్నం నీళ్ళు పోసి కలిపాడు. ఒకటి అందించడం, ఒకటి పేర్చడం.

నడుము ఎత్తు లేచాక మేస్త్రీ చేయి ఆగింది.

"బావా, గాలికి ఓ కన్నం వదలనా?"

"ఎవరికి?" అన్నాడు ఆయన.

మేస్త్రీ తాపీ మళ్ళీ సున్నంలో ముంచాడు. ఇంకా పన్నెండు రాళ్ళున్నాయి. పన్నెండూ ఆయనే అందించాడు.